శోధన దినములలో మన పితరులు



మన డయాసిస్ నూరు సంవత్సరముల పండుగ జరుపుకొనుచున్న ఈ సమయమున, ఏ ఆలయము ఎప్పుడు కట్టబడినది, ఏ బడి ఎప్పుడు తెరువబడినది అను సంగతులను ఇతర సోదరులు ఈ సంచికలో వ్రాయుచున్నారు. మేము వేరొక సంగతి వ్రాయ తలచితిమి. కట్టడమునకు పునాదిరాయి ఉండును, దానిపై తేదీ చెక్కి ఉండును. మన పితరులు ఊరి నడుమ నిలువబడి "ఈ పని మేము చేయము" అని పలికిన దినములకు అట్టి రాయి ఎక్కడను లేదు. అయినను మన సంఘములు ఆ మాట మీదనే కట్టబడినవి.

పల్లె సంఘములలో పనిచేయు కాపరులందరికి ఒక అనుభవము ఉండును. రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట ఎవరో తలుపు తట్టి, "అయ్యగారూ, పిల్లకు గాలి సోకింది, ఒక్కసారి వచ్చి ప్రార్థన చెయ్యండి" అని పిలుతురు. మేము వెళ్ళుదుము, ప్రార్థన చేయుదుము. ఒళ్ళు కాలుచున్నయెడల తెల్లవారకముందే ఆసుపత్రికి తీసుకొని పొండని కూడ చెప్పుదుము. దుష్టుడు లేడని మేము బోధింపము. అయితే వానిని చింతచెట్టు మీదను, ఊరిబయటి దిబ్బ మీదను వెదకుట మనకు అలవాటైపోయినది. అరణ్యములో మన ప్రభువునొద్దకు శోధకుడు వచ్చినప్పుడు కేకలు వేయుచు రాలేదు. బేరగానివలె మెత్తగా మాట్లాడుచు వచ్చెను. ఆకలిగొన్నవానికి రొట్టె చూపెను. దేవాలయ శిఖరము మీద నిలువబెట్టి, లోకమంతయు ఆశ్చర్యపడు కార్యము చేయుమనెను. రాజ్యముల మహిమను చూపి, ఒక్కసారి మోకరించిన చాలుననెను.

ఈ మూడు బేరములును మన పత్తి, మిరప మైదానములకు వచ్చినవి. వాటిని మన పితరులు ఎట్లు త్రోసిపుచ్చిరో తెలుపుటయే ఈ వ్యాసము.

ఈ ప్రాంత సంఘములు వేరువేరు మిషనుల చేతులలో పెరిగినవి. గుంటూరునకు 1842 జూలై 31వ తేదీన లూథరన్ మిషనరీ హేయరు అయ్యగారు వచ్చిరి. ఒంగోలు ప్రాంతము అమెరికన్ బాప్తిస్టు మిషనువారి పొలమాయెను. మేము చెప్పబోవునది విశేషముగా ఒంగోలు చరిత్ర. అది బాప్తిస్టు సోదరుల సొత్తు గదా అని ఎవరైన అనవచ్చును. మన వాడలలోని పెండ్లి సంబంధములను లెక్కించి చూడుడు. వారి తాతలు మన తాతలే.

మహిమ అను బేరము

ఆ దినములలో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరెను. 1970లో వేరు జిల్లాయై, 1972లో ప్రకాశము పేరు పొందెను. తెలుగు మిషను ఫలింపలేదు గనుక మూసివేయుదమా అని అమెరికాలో తర్కించుచున్న కాలమున, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఐదుగురు ఒంగోలు కొండపై మోకరించిరి. జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, నర్సు, జూలియా, రూతు అనువారే ఆ ఐదుగురు. ఆ కొండకు ప్రార్థన కొండ అను పేరు నిలిచిపోయినది.

పండ్రెండేండ్ల పిమ్మట, 1866లో, జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చి కాపురముండిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అచట సంఘము ఏర్పడెను. అప్పటికే యెర్రగుంట్ల పేరయ్యగారు విశ్వాసియై బాప్తిస్మము పొందియుండిరి. ఆయనది తాళ్లకొండపాడు గ్రామము. మాదిగవాడలో పుట్టి, తోళ్ళ వర్తకము చేయుచు దూరప్రాంతములు తిరిగినవారు. అంతకుముందే రాజయోగ గురువుల నాశ్రయించి సత్యము కొరకు వెదకినవారు. వర్తకమునకై ఉత్తరమునకు వెళ్ళినప్పుడు గోదావరి ప్రాంతమున బౌడెన్ దొరగారి యొద్దను, ఏలూరులో అలెగ్జాండరు దొరగారి యొద్దను నిజదేవుని గూర్చి విని, ఆ మాట విడువలేక ఒంగోలు త్రోవ పట్టిరి. మిషనరీ వెదకుకొనుచు పేరయ్యగారి యొద్దకు వెళ్ళలేదు. పేరయ్యగారే దేవుని వెదకుకొనుచు మిషనరీ యొద్దకు వచ్చిరి. ఈ సంగతిని మన పిల్లలకు తప్పక చెప్పవలెను.

1867 జనవరిలో క్లౌ దొరగారు తాళ్లకొండపాడు వెళ్ళి, చింతతోపులో గుడారము వేసి కొన్ని దినములు బోధించిరి. అచట ఇరువదియెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి. వారందరును వాడవారు.

ఇచ్చటనే మొదటి బేరము ఎదురాయెను. ఒంగోలులో క్లౌ దంపతులు నడపుచున్న బడికి పై కులముల పిల్లలు వచ్చుచుండిరి. వారి పెద్దలలో కొందరు సువార్తను ఆదరముతో వినుచుండిరి. ఈ వాడవారిని చేర్చుకొందురేని మేము మీ గడప త్రొక్కమని వారు చెప్పిరి. ఆలోచించి చూడుడు. ఒక వైపున చదువు, భూమి, పలుకుబడి గల కుటుంబములు. మరియొక వైపున చెప్పులు కుట్టు చేతులు. ముందు పెద్దలను చేర్చుకొని, పేదలను తరువాత చూచుకొందమని మనస్సు చెప్పదా? ఆ మాట పాపమువలె వినబడదు, తెలివివలె వినబడును.

క్లౌ దొరగారును ఆయన భార్యయు వేరువేరు గదులలో ప్రార్థించి బైబిలు తెరచిరి. ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములోని ఒకే భాగము కనబడెను. జ్ఞానులను, ఘనులను గాక, లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చి పౌలు వ్రాసిన భాగమది. వారు పేదలను చేర్చుకొనిరి. పై కులముల పిల్లలు బడి విడిచి వెళ్ళిరి. ఈ దినమున మనము ఈ ఆలయములలో కూర్చుండుటకు కారణము ఆ రెండు గదులలో జరిగిన ప్రార్థన అని మేము నమ్ముచున్నాము.

మూడు కట్టుబాట్లు

క్రొత్త విశ్వాసులకు మూడు కట్టుబాట్లు నియమింపబడెను. ఆదివారము పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసము తినరాదు. విగ్రహములను పూజింపరాదు. నేటి యువకులకు ఇవి చిన్న సంగతులుగా తోచవచ్చును. ఆనాటి పల్లె కట్టుబడి ఎట్టిదో తెలిసినగాని వీటి బరువు తెలియదు.

మాదిగ కుటుంబము ఒక్కొక్క రైతు ఇంటికి కట్టుబడి యుండెడిది. చెప్పులు కుట్టుట, మోటకు తోలుబాన అమర్చుట, పలుపులు, వార్లు ఇచ్చుట వారి పని. అందులకు కోతలనాడు కళ్ళము వద్ద కొంత ధాన్యము మేరగా దొరకెడిది. చచ్చిన గొడ్డును తీసుకొనిపోవుట వారి విధి. దాని తోలు పనికిని, మాంసము కడుపునకును వచ్చెడివి. అమ్మవారి కొలుపునాడు డప్పు వాయించుట కూడ ఆ కట్టుబడిలోనిదే. డప్పు లేనిదే జాతర కదలదు. ఇన్ని ముడులతో కట్టిన త్రాడులో ఒక ముడి విప్పిన, మేర సహా తక్కినవన్నియు ఊడిపోవును.

అట్టి స్థితిలో ఆకలితోనున్న ఇల్లాలు, ఎదుట మాంసముండగా, పిల్లలకు గంజి మాత్రము పోసెను. మేర పోవునని ఎరిగియు ఇంటి యజమాని డప్పును దించి గోడకు తగిలించెను. ఆదివారమున మునసబు మనిషి వచ్చి పిలిచినప్పుడు, రేపు రెండింతలు చేయుదుము గాని నేడు రామని చెప్పిరి. ఊరి పెద్దలకు ఇది తిరుగుబాటుగా కనబడెను. అనేక గ్రామములలో వారిని పనికి పిలుచుట మానిరి, అంగడిలో సరుకు అమ్మనీయలేదు, నీళ్ళకు అడ్డుపడిరి, అబద్ధపు నేరములు మోపిరి. "ఒక్కసారి వచ్చి డప్పు కొట్టిపోండి, అన్నీ మామూలైపోతాయి" అనుటయే అప్పటి శోధన. ఒక్కసారి మోకరించుమని ప్రభువుతో పలికిన గొంతే ఆ మాటలో వినబడుచున్నది గదా!

ఇచ్చట ఒక వివరణ అవసరము. డప్పు పాపమా అని యువజన కూటములలో కొందరు మమ్మును అడిగిరి. డప్పు పాపము కాదు. అది మన పితరుల చేతిపని, వారి విద్య. నేడు క్రిస్మసు ఊరేగింపులలో అది మ్రోగుట మాకు సంతోషమే. వారు నిరాకరించినది వాద్యమును కాదు, మనస్సాక్షికి విరోధముగా చేయించు వెట్టిని. పొరుగువారి దేవతను వారు దూషింపలేదు, జాతరకు అడ్డుపడలేదు, మేము రామని మాత్రమే చెప్పిరి. శోధనను ఎదిరించుట అనగా ఇతరులపై రాళ్ళు వేయుట కాదని వారు చదువు లేకయే గ్రహించిరి.

మరియొక సంగతి. వారిలో ఎవడును ఒంటరిగా నిలువలేదు. వాడంతయు కలిసి నిలిచెను. ఒకని మేర పోయినప్పుడు పొరుగింటి కుండలోనుండి దోసెడు జొన్నలు వచ్చెను. మనమీనాడు శోధనను ఒక్కొక్కని రహస్య యుద్ధముగా ఎంచుచున్నాము. అందుచేతనే తరచుగా ఓడుచున్నాము. శోధనలోనికి తేకుమని ప్రభువు నేర్పిన ప్రార్థన "మమ్మును" అనియే యున్నది గాని "నన్ను" అని లేదు.

రొట్టె అను బేరము

పది సంవత్సరములు గడచినవి. 1876లో వానలు రాలేదు. 1876-78 సంవత్సరముల ఆ మహా క్షామమును పెద్దలు ధాత కరువు అనిరి. చెన్నపురి రాజధానిలో లక్షలకొలది జనులు చనిపోయిరి. పశువులు పోయెను, విత్తనములు తినివేయబడెను, మేర ఇచ్చు రైతు కళ్ళమే ఎండిపోయెను.

ప్రభుత్వమువారు కరువు పనిగా బకింగ్‌హాము కాలువను త్రవ్వించుచుండిరి. క్లౌ దొరగారు యౌవనమున అమెరికాలో భూముల సర్వే పని నేర్చినవారు. అందుచేత మూడున్నర మైళ్ళ కాలువ త్రవ్వకమును కంట్రాక్టుగా తీసుకొని వేలకొలది పేదలకు పని కల్పించిరి. తెలుగు బోధకులు మేస్త్రీలుగా నిలిచిరి. వాడవారిని తిట్టకుండ, కొట్టకుండ, లంచము కోరకుండ కూలి ఇచ్చు పని ఇది యొక్కటేయని చుట్టుపట్ల ప్రాకిపోయెను. మధ్యాహ్నము పని ఆగినప్పుడు బోధకులు కూలివారి నడుమ కూర్చుండి, భారము మోయువారిని ప్రభువు తనయొద్దకు పిలుచుటను గూర్చి చెప్పుచుండిరి. తట్టలు మోసి మెడ నొప్పెట్టుచున్నవారికి ఆ మాట ఎట్లు వినబడెనో మనము ఊహింపవచ్చును.

బాప్తిస్మము కోరి వేలమంది వచ్చిరి. క్లౌ దొరగారు ఇయ్యలేదు. 1877 మార్చి మొదలు 1878 జూన్ వరకు, పదునైదు నెలలు, ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. కూలి తన చేతి మీదుగా పోవుచున్నది గనుక ఆ చేతితోనే బాప్తిస్మము ఇచ్చినయెడల ఎవడు ప్రభువు కొరకు వచ్చెనో, ఎవడు అన్నము కొరకు వచ్చెనో తెలియదని ఆయన భయము. ఇది సామాన్యమైన సంగతి కాదు. జనులు ప్రతిదినము చనిపోవుచుండిరి. బాప్తిస్మము లేకయే చనిపోవుచున్నారే అను బాధ ఒక వైపున, వేలమంది చేరిరని స్వదేశమునకు వ్రాసికొను అవకాశము మరియొక వైపున ఆయనను లాగియుండును. అయినను ఆయన ఆగెను. రాళ్ళను రొట్టెలుగా మార్చలేదు. మట్టి త్రవ్వించి, ఆ శ్రమకు కూలి ఇచ్చెను. రొట్టెను రొట్టెగా ఇచ్చెను, ఆత్మను కొనుటకు వెలగా ఇయ్యలేదు.

వెల్లంపల్లి రేవు

కాలువ పని ముగిసెను. ఒంగోలుకు ఉత్తరముగా గుండ్లకమ్మ ఒడ్డుననున్న వెల్లంపల్లి వద్ద క్రైస్తవులు కూడిరి. బాప్తిస్మము కోరువారును వేలకొలదిగా వచ్చిరి. ఇక నాయొద్ద సహాయము చేయుటకు సొమ్ము లేదని దొరగారు చెప్పిరి. మాకు సొమ్ము వద్దు, చచ్చినను బ్రదికినను ప్రభువు బిడ్డలుగానే ఉండగోరుచున్నాము అని వారు బదులిచ్చిరి. ఎవరు నిజముగా నమ్మినవారో ఆయా గ్రామముల బోధకులకు తెలియును గనుక వారే ఒక్కొక్కరిని విచారించిరి. 1878 జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది బాప్తిస్మము పొందిరి. మూడు దినములకు 3,536 మంది. జూలై 3న నీటిలో నిలిచినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసికొని ఆ పని చేసిరి. 1878 చివరకు బాప్తిస్మములు 9,606 ఆయెను.

2,222 అను అంకె సముద్రములు దాటి ప్రఖ్యాతి పొందెను. మన సంఘములలో చిన్నపిల్లలు కూడ దానిని చెప్పగలరు. కాని ఆ అంకెకు ముందున్న పదునైదు నెలల సున్నను ఎవరును చెప్పరు. ఆ సున్న లేనియెడల ఈ అంకెకు విలువ లేదు. వచ్చినవారందరును నిష్కల్మషులని మేము చెప్పము. అట్లు చెప్పుట చరిత్ర కాదు. తరువాత వెనుకకు మళ్ళినవారును ఉండిరి. అన్నము కొరకు చేరిన క్రైస్తవులని ఈనాటికిని మనలను ఎత్తిపొడుచువారున్నారు. వారికి కోపముతో గాక, ఆ పదునైదు నెలలను చూపి బదులు చెప్పవచ్చును.

నేటి బేరములు

ప్రియులారా, పితరుల కథ చెప్పి ఊరకుండుట సులభము. శోధకుడు మాత్రము మిరప యార్డునకు, పత్తి మిల్లునకు దారి ఎరుగనివాడు కాడు.

శిఖరము మీది శోధన మా వంటి కాపరులది. ఎందరికి బాప్తిస్మమిచ్చితిరి, ఎన్ని క్రొత్త స్థలములు తెరచితిరి అని అడుగు కాగితములు మాయొద్దకు వచ్చును. ఒక సంవత్సరము నివేదిక వ్రాయుచు, వచ్చి పోవువారిని కూడ సభ్యులలో కలిపి అంకె పెంచుటకు మా చేయి సాగినది. కొట్టివేసి మరల వ్రాయుటకు రెండు దినములు పట్టినది. దయ్యము వెడలగొట్టబడెనని వేదికపై అందరికి చూపుటకు ఆశపడు దినములలో, పదునైదు నెలలు అంకె లేకుండ ఆగిన సేవకుని తలంచుకొనుట మాకు అవసరము.

బజారులోని శోధన మన రైతులది, వర్తకులది. టిక్కీలలోని మిరపకు నీళ్ళు చల్లి బరువు పెంచుట, పత్తి బోరెములో తేమ దాచుట, కౌలుదారుకు చెప్పిన మాట పంట చూచి మార్చుట. "అందరూ చేస్తున్నదేగా" అనుటయే నేటి డప్పు పిలుపు. 1987-88లో తెల్లదోమ పత్తిని తినివేసినప్పుడు అప్పులపాలైన రైతులలో కొందరు ఈ జిల్లాలలో ప్రాణములు తీసికొనిరి. ఇక దారి లేదని చెవిలో చెప్పు గొంతు కూడ దుష్టునిదే. ఆ గొంతును ఒంటరివాడు ఎదిరింపలేడు. పొరుగింటి దోసెడు జొన్నలు అప్పుడు కావలెను. మన సంఘములో అప్పులలో మునిగిన సహోదరుని తలుపు మనమే ముందుగా తట్టుచున్నామా?

ఇక చెప్పుటకు కష్టమైన సంగతి ఒకటి గలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులములో పుట్టినవాడు క్రైస్తవుడైనయెడల ఆ హోదా పోవును. ఈ నియమము 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపబడెను గాని మనకు సడలింపబడలేదు. మన రాష్ట్రమున అట్టివారిని బి.సి.-సి లో ఉంచి ఒక శాతము ఇచ్చిరి. బాప్తిస్మము పొందినంత మాత్రమున వాడ మారదు, పొరుగువారి చూపు మారదు. కనుక ఇది అన్యాయమని మేము నమ్ముచున్నాము. మార్పు కోరుచు 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కూడ తీర్మానము చేసెను.

అయితే ఈ అన్యాయములోనుండి శోధన పుట్టినది. బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. సర్టిఫికెట్టులో ఒక మతము, సమాధి రాతిపై మరియొక మతము. 1877లో బాప్తిస్మము తీసుకొన్నచో రొట్టె దొరకునని పేదవాడు ఆశపడెను. నేడు బాప్తిస్మము ఒప్పుకొన్నచో రొట్టె పోవునని అతని మునిమనుమడు భయపడుచున్నాడు. బేరము తలక్రిందులైనది, బేరగాడు మారలేదు. బిడ్డ ఫీజు కట్టలేక ఆ కాగితము తెచ్చుకొన్న తండ్రిని తీర్పు తీర్చుటకు మేము రాయి ఎత్తము. ఆ రాయి ముందు మా మీదనే పడును. కాని ఈ బరువును ఒక్కొక్క ఇంటిమీద ఒంటరిగా వదలివేసిన సంఘము మాత్రము ఎట్లు తప్పించుకొనగలదు? మేర పోయిన ఇంటికి వాడ నిలిచినట్లు, నిజము చెప్పి నష్టపోయిన బిడ్డ చదువునకు మన సంఘ నిధి నిలిచియుండెనా? మన ఉత్సవములకు పందిళ్ళు వేయు సొమ్ములో కొంత అందులకు కేటాయించినయెడల, శతవార్షికోత్సవమునకు అంతకంటె మంచి గుర్తు ఉండదని మా మనవి.

గుండ్లకమ్మలో ఆ రోజున దిగినవారి పేర్లు మనలో అనేకులకు తెలియవు. వారు డప్పును గోడకు తగిలించిన దినము ఏ క్యాలెండరులోను లేదు. వారు దుష్టుని పేరెత్తి పెద్దగా గద్దించినట్లు ఎవరును వ్రాయలేదు. వానికి కావలసిన చిన్న పనిని చేయమనిరి, ఆ "చేయము" అను మాటకు కలిగిన ఆకలిని కలిసి పంచుకొనిరి.

రాబోవు నూరు సంవత్సరములలో మన మనుమలు మన గూర్చి వ్రాయునప్పుడు, ఎన్ని ఆలయములు కట్టిరని మాత్రమే గాక, ఏ బేరమునకు లొంగలేదని కూడ వ్రాయగలుగునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.